నైటీ: ఆ మాట ఎక్కడిది, ఆ బట్ట ఎలా కోయాలి?

మాంబళం_మల్లి
అందరికీ నమస్కారం. రెండు సందేహాలు, రెండూ ఒకే బట్ట గురించి. "నైటీ" అనే మాటకు అసలు అర్థం ఏమిటి, ఎక్కడినుంచి వచ్చింది? టి.నగర్‌లో ఏ దుకాణానికి వెళ్లినా నైటీ, నైట్ గౌను, మాక్సీ, నైట్ డ్రెస్ అని తలో పేరు చెబుతున్నారు. ఇవన్నీ ఒకటేనా? రెండోది, రెడీమేడ్‌వి పొడవెక్కువై కాళ్లకు అడ్డం పడుతున్నాయి, చంక దగ్గరేమో పట్టేస్తున్నాయి. కొలతలకు కుట్టించుకోవాలంటే ఎంత బట్ట కొనాలి? ఛాతీ 40, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు.

పదమూలం
మొదటిదానికి నేను చెబుతాను. కుట్టు సంగతి కత్తెరపదును గారు చెబితేనే బాగుంటుంది.

నైటీ అన్నది ఇంగ్లీషు ముద్దుపేరు. నైట్‌గౌన్, నైట్‌డ్రెస్ అనే పొడుగు మాటల్లో ముందు ముక్క ఉంచుకుని చివర "ఈ" చేర్చారు. హ్యాండ్‌కర్చీఫ్ హ్యాంకీ అయినట్టు, ఆంట్ ఆంటీ అయినట్టు. అచ్చులో ఈ రూపం 1871 నుంచి కనిపిస్తోంది. కాబట్టి 1852లో వచ్చిన బ్రౌన్ తెలుగు నిఘంటువులో దీనికోసం వెతికి లాభం లేదు, అప్పటికి ఇంగ్లీషువాళ్లకే ఈ మాట లేదు.

మనకు దీనికి సొంత మాట లేకపోవడంలో వింతేమీ లేదు. పడుకునేటప్పుడు వేరే బట్ట కట్టుకోవడమనే ఆచారం మన ఇళ్లలో లేదు. ఉతికి ఉతికి మెత్తబడిన నేతచీరే రాత్రిచీర. వస్తువు బయటినుంచి వచ్చింది, పేరు దానితోపాటే వచ్చింది. తమిళం, కన్నడం కూడా అదే పేరు ఉంచుకున్నాయి. కేరళలో దీన్నే మాక్సీ అని కూడా అంటారు. మినీకి ఎదురుగా, చీలమండలదాకా ఉండే బట్టకు 1960లలో పుట్టిన పేరది. అందుకే మలయాళీల దుకాణంలో మాక్సీ అన్నా, పక్క దుకాణంలో నైటీ అన్నా చేతికి వచ్చేది ఒకటే.

నైట్ డ్రెస్ మాత్రం వేరు. ఇంగ్లీషులో నైట్‌డ్రెస్, నైటీ ఒకటే అయినా, మన వాడుకలో నైట్ డ్రెస్ అంటే చొక్కా, పైజామా జత. ఫోన్లో ఆర్డరు పెట్టేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

గోడౌన్‌వీధి
వ్యాపారం వైపునుంచి ఒక మాట. బిల్లుల్లో, కస్టమ్స్ కాగితాల్లో నైటీ అనే పద్దు ఉండదు, నైట్‌డ్రెస్ అనే రాస్తారు. నేసిన గుడ్డతో కుట్టినదైతే 6208, హోజరీ అల్లికదైతే 6108. బయట ఒకటే సరుకు, కాగితం మీద రెండు శీర్షికలు.

నైట్ గౌను అని మా దగ్గర అడిగితే రెండు ముక్కల సెట్టు తీస్తాం. లోపల సన్న పట్టీలతో ఒకటి, పైన ముందు తెరుచుకుని నడుముకు కట్టుకునే అంగీ ఒకటి. పెళ్లిళ్లప్పుడు కొనేది అదే. ఇంట్లో రోజూ వేసుకునే కాటన్‌ది నైటీ. ఉత్త గౌను అంటే మన తెలుగువాళ్లకు చిన్నపిల్లల బట్టే.

పెరంబూరు_పిన్ని
పేరులో రాత్రి ఉంది గానీ, ఇది పొద్దంతా ఇంట్లో వేసుకునే బట్ట. తెల్లారి కుళాయి దగ్గర, వంటింట్లో, పాలవాడికి తలుపు తీసేటప్పుడు, మేడమీద బట్టలు ఆరేసేటప్పుడు. మెడమీద ఒక తువ్వాలో చున్నీయో వేసుకుంటే వీధి చివర కూరల బండిదాకా కూడా వెళ్లి వస్తారు. అందుకని కత్తిరించేటప్పుడు పడుకునే బట్ట అనుకుంటే అంతా చెడుతుంది. వంగాలి, చెయ్యి పైకెత్తాలి, మెట్లెక్కాలి, ఫోను పెట్టుకోను జేబుండాలి.

పదమూలం
పిన్నిగారు చెప్పినది చాలా ముఖ్యమైన సంగతి. పేరు రాత్రిది, వాడుక పగటిది కావడం ఇక్కడ మొదలైనది కాదు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఆడవాళ్ల నైట్‌గౌన్ అంటే బిగుతు లేని పగటి గౌనే. దానితో బయటికీ వెళ్లేవారు. మగవాళ్లు ఇంట్లో వదులుగా వేసుకునే పొడుగు అంగీని బనియన్ అనేవారు. గుజరాతీలో వర్తకుడికి ఉన్న వాణియో అనే మాట అరబ్బీ, పోర్చుగీసుల మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లి బనియన్ అయింది. మనం ఒంటికి అంటుకునే లోచొక్కాను బనీను అంటున్నామే, అదే మాట. మూలాన ఉన్నది సంస్కృతపు వణిజుడే.

ఆ బనియన్లు చాలావాటికి గుడ్డ మన కోరమండల్ తీరంనుంచి వెళ్లింది. చేత్తో బొమ్మలు వేసి, అద్దిన నూలుగుడ్డ. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అలాంటివి ఉన్నాయి. ఆ గుడ్డనే వాళ్లు చింట్జ్ అన్నారు, తమిళంలో చీట్టి, మనకు చీటీ గుడ్డ. ఇవాళ్టి నైటీ కూడా అచ్చువేసిన నూలుగుడ్డే కదా. వదులు అంగీ, పూల నూలుగుడ్డ అనే జంట మన తీరానికి కొత్తదేమీ కాదు.

పేరును పట్టుకుని గొడవ జరిగిన సంగతి కూడా చెప్పాలి. 2018లో పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో ఊరిపెద్దలు ఉదయం 7 నుంచి రాత్రి 7 దాకా నైటీ వేసుకోరాదని కట్టుబాటు పెట్టారు. తప్పితే 2000 రూపాయల జరిమానా, పట్టిచ్చినవాళ్లకు 1000. మెడనుంచి పాదాలదాకా కప్పే బట్ట అది. చీరలో నడుమైనా కనిపిస్తుంది, ఇందులో అదీ కనిపించదు. ఆ కట్టుబాటు వెనక ఉన్నది బట్ట కాదు, పేరులోని రాత్రి. దీన్ని మొదట్లోనే "ఇంటిగౌను" అని పిలిచి ఉంటే ఆ వాదనకు పట్టు దొరికేది కాదని నా నమ్మకం.

కత్తెరపదును
మల్లి గారూ, ఇక కొలతలకు వద్దాం.

ముందు పొడవు. చెప్పుల్లేకుండా నిలబడి, మెడ పక్కన భుజం మీదనుంచి నేలదాకా టేపు వదలండి. ఐదడుగుల రెండంగుళాల మనిషికి 52, 53 అంగుళాలు వస్తుంది. అందులోంచి 2 తీసేయాలి. మీకు తయారైన పొడవు 50 లేక 51 చాలు. రెడీమేడ్‌లో ఎక్కువగా దొరికేది 54 నుంచి 56, కాళ్లకు అడ్డం పడేది అందుకే.

44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డ అయితే 3 మీటర్ల బిట్టు సరిపోతుంది. 3 మీటర్లంటే 118 అంగుళాలు. నానబెట్టాక నూటికి 4 వంతున కుంచించుకుపోతే 113 మిగులుతుంది. సగానికి మడిస్తే 56 పైచిలుకు. మీకు కావలసింది 51, భుజానికి అర, కింద మడతకు ఒకటింపావు, మొత్తం 53 లోపే. ఐదడుగుల ఆరంగుళాలవాళ్లకు 3 మీటర్లు సరిగ్గా అంచున సరిపోతుంది. అంతకన్నా పొడుగైతే 3.25 తీసుకోవాలి.

మడతపెట్టే తీరు: ముందు అడ్డంగా సగానికి, తర్వాత నిలువుగా సగానికి. ఇప్పుడు నాలుగు పొరలు, వెడల్పు 22. నిలువు మడత మీ వైపు ఉంచుకోండి, అది ఒంటికి నడిమి గీత. అడ్డ మడత భుజాల మీదికి వస్తుంది.

ఛాతీ 40కి వదులు 8 కలిపితే 48, నాలుగో వంతు 12, కుట్టుకు ముప్పావు. కాబట్టి చంక కింద, నడిమి గీతనుంచి 12¾ దగ్గర గుర్తు. భుజం సగం 7½, దానికి అర కలపాలి. భుజం మడతనుంచి చంక లోతు 9½. మెడ వెడల్పు సగం 3, ముందు లోతు 6, వెనక 3. ఈ మెడ చుట్టు 24 దాకా వస్తుంది, తల చుట్టుకొలత 22, 23 ఉంటుంది కాబట్టి జిప్పు లేకుండానే తల దూరుతుంది. మెడ ఇంతకంటే చిన్నది కావాలంటే ముందు 4, 5 అంగుళాల చీలిక తప్పదు.

చంక కిందినుంచి అడుగున 22 దాకా వాలుగీత గీయండి. అడుగు చుట్టు 88 వస్తుంది. మెట్లు ఎక్కి దిగే ఇల్లైతే అంత ఘేరా కాళ్లకు చుట్టుకుంటుంది, 18 దగ్గర ఆపితే చుట్టు 72, హాయిగా ఉంటుంది. ఇక్కడ చాలామంది మరిచేది ఒకటుంది. వాలుగీత నిలువుగీత కన్నా పొడుగు. 22 దాకా తెరిస్తే దాదాపు ఒక అంగుళం ఎక్కువ, 18 అయితే పావు అంగుళం చిల్లర. కాబట్టి అడుగున పక్క కుట్టు దగ్గర ఆ మేరకు పైకెత్తి, నడిమి గీతదాకా వంపుగా కలపాలి. అది చేయకపోతే రెండు పక్కలా కొసలు వేలాడతాయి.

భుజం మడతను అలాగే వదిలేసి మెడ ఒక్కటే కోసేవాళ్లున్నారు. మనిషి భుజం బల్లపరుపుగా ఉండదు. కొస దగ్గర అర అంగుళం వాలు ఇచ్చి కుట్టు వేయాలి. లేకపోతే మెడ వెనక్కి జారి ముందు గొంతు దగ్గర పట్టేస్తుంది.

రెండోకుట్టు
చేతులకు గుడ్డ ఎక్కడినుంచి వస్తుందో కూడా చెప్పండి. కొత్తగా కుట్టేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

కత్తెరపదును
ఒంటి ముక్క కోశాక పక్కన, పై భాగంలో మిగిలేదే చేతులు. భుజం దగ్గర 22లో 8 పోగా 14 ఉంటుంది, చంక దగ్గర 22లో 12¾ పోగా 9¼. అడ్డ మడతనే చేతి నడిమి గీతగా పెట్టుకోండి. మొత్తం పొడవు 10, అందులో పైన గుండ్రం 3, చంక కింద 7. సగం వెడల్పు 8½. రెండు పక్కలా మిగిలిన ముక్కల్లో రెండు చేతులూ అతుకు లేకుండా వస్తాయి.

36 పన్నా అయితే ఈ లెక్క కుదరదు. చంక దగ్గర మిగిలేది 5¼ మాత్రమే. పొట్టిచేతులతో సరిపెట్టుకోవాలి, లేదా అరమీటరు ఎక్కువ కొనాలి.

గోడౌన్‌వీధి
ఇక్కడ గుడ్డ ఎంపికలో ఒక చిక్కుంది. పూలన్నీ ఒకే వైపు తలెత్తి ఉండే అచ్చు అయితే, అడ్డంగా మడిచి కోసినప్పుడు ముందు పూలు నిటారుగా, వెనక తలకిందులుగా వస్తాయి. నెమలి, ఏనుగు బొమ్మలైతే ఇంకా ఎబ్బెట్టు. అలాంటి గుడ్డను సగానికి కత్తిరించి, ఒక ముక్కను తిప్పి రెంటినీ ఒకే దిక్కున పెట్టి కోయాలి. అప్పుడు భుజం మీద మడత ఉండదు, చేతులు రెండు ముక్కలవుతాయి. అందుకని పావు మీటరు నుంచి 30 సెంటీమీటర్లదాకా అదనంగా తీసుకోండి. చిన్న పూలు, చుక్కలు, ఎటు తిప్పినా ఒకేలా ఉండే అచ్చు అయితే ఈ బాధ లేదు.

నైటీ గుడ్డ మన దగ్గరికి ఎక్కువగా గుజరాత్‌లోని జేత్పూర్ అచ్చుగా వస్తుంది, కుట్టిన సరుకు ఈరోడ్‌నుంచి. కొనేటప్పుడు రెండు పనులు చేయండి. తెల్ల చేతిగుడ్డ మూల తడిపి అచ్చు మీద పదిసార్లు రుద్దండి, రంగు అంటితే వదిలేయండి. తర్వాత అచ్చు మీద గోటితో రాసి చూడండి. పైన పూతలా గరుకుగా తగిలితే అది పిగ్మెంట్ అచ్చు. జిగురుతో గుడ్డమీద అంటించిన రంగు కాబట్టి మడతలు పడేచోట, తుంటి దగ్గర ముందుగా తెల్లబడుతుంది. రియాక్టివ్ అచ్చు నూలుతో రసాయనికంగా కలిసిపోతుంది, చేతికి గుడ్డే తగులుతుంది గానీ రంగు తగలదు. వెనక తిప్పి చూస్తే రంగు అటువైపూ దిగి ఉంటుంది.

పెరంబూరు_పిన్ని
రంగు పోకుండా ఉప్పునీళ్లలో నానబెట్టమని కూడా చెబుతారు కదా?

గోడౌన్‌వీధి
పిన్నిగారూ, ఉప్పు రంగును పట్టి ఉంచదు. అద్దకం తొట్టిలో రంగు నూలుకు చేరడానికి ఉప్పు వాడతారు, అక్కడ దాని పని అయిపోతుంది. అద్ది, ఆరి, దుకాణానికి వచ్చిన గుడ్డను ఇంట్లో ఉప్పులో వేస్తే ఒరిగేదేమీ లేదు. మొదటి రెండు ఉతుకులు విడిగా, చల్లనీళ్లలో వేయండి. అదనపు రంగు అక్కడే వదిలిపోతుంది.

కోసే ముందు మాత్రం ఉత్త నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, కొంచెం తడి ఉండగా ఇస్త్రీ చేయాలి. 51 అంగుళాల నైటీ నూటికి 4 వంతున కుంచించుకుంటే 2 అంగుళాలు పోతాయి. చాలామందికి మొదటి ఉతుకు తర్వాత చీలమండ పైకి లేచేది ఈ 2 అంగుళాలే.

కత్తెరపదును
దానికి తోడు ఆది సంగతి. దర్జీకి ఆది జాకెట్టు ఇచ్చినట్టు ఆది నైటీ ఇస్తారు. అది పదిసార్లు ఉతికి కుంచించుకున్నది. నానబెట్టని కొత్త గుడ్డను దాని కొలతకే కోస్తే, కొత్తది ఉతికాక ఆదికన్నా చిన్నదవుతుంది. గుడ్డ నానిందా లేదా అన్నది దర్జీకి నోరు తెరిచి చెప్పాలి.

ఇక మల్లి గారి చంక బాధ. రెడీమేడ్‌లో సైజు పెంచినప్పుడు ఒంటి వెడల్పు పెంచుతారు, చేతి వెడల్పు అంతగా పెంచరు. పట్టేది చెయ్యి, చంక కాదు. చంకను ఇంకా లోతు చేయమని అడగకండి. లోతు 11, 12 అయితే చెయ్యి పైకెత్తగానే నైటీ మొత్తం పైకి లేస్తుంది. సజ్జమీద డబ్బా అందుకోబోతే మోకాళ్లు బయటపడతాయి. లోతు 9½ దగ్గరే ఉంచి చేతి వెడల్పు పెంచాలి.

కొన్నదాన్ని బాగు చేసుకోవాలంటే చంక మూలనుంచి చేతివైపు 3, ఒంటివైపు 3 అంగుళాలు కుట్టు విప్పండి. చేతిని ఒంటికి కలిపే గుండ్రటి కుట్టును కదపకుండానే మూడేసి అంగుళాల నాలుగు అంచులు తెరుచుకుంటాయి. 4 అంగుళాల చదరపు గుడ్డను కోణంగా అందులో పెట్టి నాలుగు వైపులా కుట్టండి. కుట్లకు పోగా 3 అంగుళాల చదరం మిగులుతుంది, దాని కోణం కొలత 4 అంగుళాలకు పైగా వదులు ఇస్తుంది. మూలల దగ్గర సూది గుడ్డలో దిగి ఉండగానే మిషను పాదం ఎత్తి గుడ్డ తిప్పాలి, లేకపోతే అక్కడ ముడత పడి చర్మానికి ఒరుసుకుంటుంది.

రెండోకుట్టు
మెడ గురించి చేర్చుతున్నాను. నైటీ ముందుగా పాడయ్యేది మెడే, ఎందుకంటే తల దూర్చినప్పుడల్లా అక్కడ లాగుతాం. మెడ కోసిన వెంటనే అంచునుంచి అంగుళంలో ఎనిమిదో వంతు లోపలికి ఉత్త కుట్టు ఒకటి వేయండి, గుడ్డ సాగకుండా ఆగుతుంది. తర్వాత ఒకటింపావు అంగుళం క్రాస్ పట్టీ. పట్టీని 45 డిగ్రీల కోణంలోనే కోయాలి. నిలువు పట్టీ వంపు తిరగదు, ముడతలు పడుతుంది. కుట్టేటప్పుడు పట్టీని కొద్దిగా లాగాలి గానీ మెడను లాగకూడదు. మెడ లాగినవాళ్ల నైటీలే ముందుకు వంగితే నోరు తెరుచుకునేవి.

నూలుగుడ్డకు 14 నంబరు సూది, మల్లు లాంటి పల్చటిదానికి 11. అంగుళానికి 10 నుంచి 12 కుట్లు.

పిల్లతల్లుల నైటీకి జిప్పులు రెండు, నిలువుగా, ఒక్కోటి 8 అంగుళాలు. నడిమి గీతకు అటూ ఇటూ మూడున్నర, నాలుగు అంగుళాల దూరంలో, ఒక అంగుళం మడత కింద దాగేలా. ఇనుప జిప్పు వద్దు, నైలానుది వేయాలి. జిప్పు వెనక అంగుళం పట్టీ తప్పనిసరి, పళ్లు బిడ్డ బుగ్గకు గాని తల్లి ఒంటికి గాని తగలకూడదు. మధ్యలో ఒకే జిప్పు పెడితే పాలివ్వడానికి మొత్తం తెరవాల్సి వస్తుంది.

పెరంబూరు_పిన్ని
జేబు మరిచారు. కుడిపక్క కుట్టులో, భుజంనుంచి 18 అంగుళాల కింద మొదలుపెట్టి 6½ నోరు, 8 లోతు. ఫోను బరువుకు పక్క కుట్టు కిందికి లాగుతుంది, చివరికి నోటి పైకొస దగ్గర చిరుగుతుంది. అక్కడ లోపలివైపు అంగుళం వెడల్పు పట్టీ ముక్క వేసి, రెండు కొసల్లో వెనక్కి ముందుకి మూడుసార్లు కుట్టి గట్టి చేయాలి. యోకు (ఛాతీ పైన విడిగా కోసి అతికే ముక్క) కింద కుచ్చులు పెట్టేవాళ్లు యోకుకు ఒకటిన్నర రెట్లు మించి గుడ్డ పెట్టకండి, పాప్లిన్ లాంటి మందపు గుడ్డలో పొట్ట మీద ఉబ్బెత్తుగా నిలబడుతుంది.

మాంబళం_మల్లి
అందరికీ ధన్యవాదాలు. ఒక్క ప్రశ్న మిగిలింది. రేయాన్ మెత్తగా, ఒంటి మీద చల్లగా ఉంటుందంటున్నారు. అదే కొలతలకు రేయాన్ కోయవచ్చా?

కత్తెరపదును
కోయవచ్చు గానీ మూడు జాగ్రత్తలు. రేయాన్ నూలుకన్నా ఎక్కువ కుంచించుకుంటుంది, 3.25 మీటర్లు కొని నానబెట్టాకే కొలవండి. తడిసినప్పుడు దాని బలం చాలా తగ్గిపోతుంది, మెలిపెట్టి పిండితే చంక కుట్టు దగ్గర పోగులు జరిగి గుడ్డ విడిపోతుంది. అందుకని పక్క కుట్లకు ఓవర్‌లాక్ ఒక్కటే చాలదు, ముప్పావు అంగుళం గుడ్డ వదిలి జంట కుట్టు వేయాలి.

మూడోది, అడుగు మడత అదే రోజు కుట్టకండి. వాలుగీత మీద రేయాన్ తన బరువుకు తానే సాగుతుంది. మెడ, చేతులు అయ్యాక హ్యాంగరుకు తగిలించి ఒక రాత్రంతా వేలాడనివ్వండి. పొద్దున మీరు తొడుక్కుని నిలబడితే ఇంకొకరు నేలనుంచి 2 అంగుళాల ఎత్తున స్కేలు నిలబెట్టి చుట్టూ సుద్దతో గుర్తు పెట్టాలి. ఆ గుర్తు కింద మడతకు ఒకటింపావు ఉంచి మిగిలినది కత్తిరించి కుట్టండి.